కచేరీ టికెట్లు: మూడో వారం లెక్క

మొదటి వారం 11, రెండో వారం 14, ఈ వారం 39. మొత్తం 64 టికెట్లు అమ్మాను. నాకిచ్చినవి యాభయ్యేసి టికెట్ల పుస్తకాలు రెండు, టికెట్ వంద రూపాయలు. కచేరీకి ఇంకా పది రోజులుంది.

తలసేమియా, అంటే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు, ఉన్న పిల్లల సహాయార్థం అమలాపురంలో పెడుతున్నాం. ఆషాఢం కాబట్టి కల్యాణ మండపం తక్కువ అద్దెకి దొరికింది, ముహూర్తాలు లేక వాద్యాలవాళ్లూ ఖాళీగా ఉన్నారు. ముందు బాలమురళీకృష్ణ కీర్తనలు, తర్వాత పాత సినిమా పాటలు. ఆయన 1930 జులై 6న పుట్టింది మన శంకరగుప్తంలోనే అంటే చాలు, పెద్దవాళ్లు లోపలికి పిలిచి కూర్చోమంటున్నారు.

మొదట్లో మా వీధిలో "మంచి పనికండీ" అంటూ తిరిగాను. "చూద్దాంలెండి" అన్నవాళ్లే ఎక్కువ. ఇప్పుడు అలా అనడం మానేశాను. ఈ పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఎక్కించేకొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుని గుండెకీ కాలేయానికీ చేటు చేస్తుంది, దాన్ని బయటికి పంపే మందు వాడుతూనే ఉండాలి, ఆసుపత్రికెళ్లిన రోజు అమ్మకో నాన్నకో కూలి పోతుంది, మీరిచ్చే వంద రూపాయలు మందులకీ ఛార్జీలకీ అని చెబుతున్నాను. అంతా విన్నాక వద్దన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో.

మంగళవారం అంబాజీపేట వెళ్లాను. పొద్దున్నే కొబ్బరి లారీల హడావిడిలో ఎవరూ తలెత్తరు, లోడింగయ్యాక మధ్యాహ్నం వెళ్లాలి. అక్కడ ఒలుపు పని చేసే ఆయన నేను చెబుతున్నంతసేపూ గునపానికి కాయ గుచ్చి తిప్పుతూనే విన్నారు. తర్వాత తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కొబ్బరి మరకలు పట్టి నల్లబడ్డ వేళ్లతో జేబులోంచి నాలుగు మడతల నోటు తీశారు. "ఆయ్, నాకు కుదరదండీ. మా పిల్ల పాడుద్ది, దాన్ని పంపుతాను. ముందు కూచోబెడతారా అండీ?" కుర్చీలకి నంబర్లు లేవు, అయిదింటికల్లా రమ్మన్నాను.

రాజోలు వైపు వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: ఆఖరి బస్సు అందుతుందా? ఏడుగురు అందుకే ముందు వద్దన్నారు. కమిటీతో చెబితే కచేరీ టైమ్ ఆరున్నర నుంచి అయిదున్నరకి మార్చారు. మళ్లీ ఫోన్ చేస్తే అయిదుగురు తీసుకున్నారు. అమ్మిన ప్రతివాళ్లకీ కొత్త టైమ్ ఫోన్లో చెప్పాను, మిగిలిన టికెట్ల వెనక పెన్నుతో రాశాను.

గురువారం రాత్రి లెక్కలో రెండొందలు తగ్గాయి. పుస్తకంలో మిగిలే ముక్కల్లో (కౌంటర్‌ఫాయిళ్లలో) రెండు ఖాళీగా ఉన్నాయి. గంటసేపు వెతికితే, ఆ డబ్బు ఫోన్‌పేలో వచ్చిందని తేలింది. ఇప్పుడు పేరూ నంబరూ రాశాకే టికెట్ చింపుతున్నాను, ఫోన్లో వేసినవాటికి పక్కన 'ఫో' అని పెడుతున్నాను. నగదు వేరే సంచిలో.

రేపు పి.గన్నవరం. ఇంకా 36 ఉన్నాయి. కచేరీ రోజు నాలుగింటికే వెళ్లి, ఆ అంబాజీపేట పిల్ల కోసం ముందు వరసలో ఒక కుర్చీ మీద కర్చీఫ్ వేస్తాను.