ఎనిమిది నెలల తెల్లదనం

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర అన్నారు, "పిల్ల కళగానే ఉంది, కాస్త రంగు తక్కువ" అని. అప్పుడు నాకు 24 ఏళ్లు. ఆ మాట మా ఇంట్లో కొత్త కాదు. సున్నిపిండితో నలుగు పెడుతూ అమ్మమ్మ కూడా అదే అనేది. నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మ కుంకుమపువ్వు పాలు తాగిందట. టీవీ ప్రకటనల్లో అమ్మాయి తెల్లబడ్డాకే ఉద్యోగం వచ్చేది, పెళ్లి కుదిరేది. అవి చూస్తూ పెరిగాను, నమ్మాను.

మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. డాక్టర్ చీటీ అడగలేదు. పదిహేను రోజుల్లో ముఖం తెల్లబడింది. "రంగు తేలావే!" అని పెద్దమ్మ మురిసిపోయింది. ఎనిమిది నెలలు ఒక్క రాత్రి కూడా మానలేదు. మెడ, చేతులు మాత్రం ఎప్పటిలా చామనఛాయగానే ఉండేవి.

ఒకసారి ఊరెళ్తూ ట్యూబు మర్చిపోయాను. మూడో రోజుకల్లా ముఖం మంట. పొయ్యి దగ్గర నిలబడలేను, ఎండలోకి వెళ్లలేను, చన్నీళ్లతో కడిగినా కారం పూసినట్టే. బుగ్గల నిండా ఎర్రటి పొక్కులు, వాటి మధ్య దారాల్లా రక్తనాళాలు. ఇంటికొచ్చి క్రీమ్ రాయగానే చల్లబడింది. అందుకే మళ్లీ రాశాను. మానితే మంట, రాస్తే ఉపశమనం. అలా ఇంకో రెండు నెలలు.

చివరికి గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ట్యూబు మీది చిన్న అక్షరాలు నాచేతే చదివించారు: మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్. మొదటిది స్టిరాయిడ్. ఈ క్రీమ్ మంగు మచ్చలకి కొన్ని వారాలు, అదీ డాక్టర్ చూస్తుండగా వాడాల్సిన మందు. స్టిరాయిడ్ రక్తనాళాలను ముడుస్తుంది, చర్మాన్ని పలచన చేస్తుంది. మానగానే ఆ నాళాలు విప్పారి ముఖం మండుతుంది. "ఇది ఎవరు రాశారమ్మా నీకు?" అన్నారు. ఎవరూ రాయలేదు. ఇలాంటి స్టిరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం నిబంధన తెచ్చింది. నేను కొన్నది ఆ తర్వాతే. మన చర్మవైద్యులు ఈ జబ్బుకి టాపికల్ స్టిరాయిడ్ డ్యామేజ్‌డ్ ఫేస్, అంటే స్టిరాయిడ్ పూతతో పాడైన ముఖం అని పేరే పెట్టారంటే, ఎంతమంది ఆడపిల్లల ముఖాలు చూసి ఉంటారో!

క్రీమ్ మాన్పించి టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్, డాక్సీసైక్లిన్ మాత్రలు, సాదా మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ ఇచ్చారు. మొదటి మూడు వారాలు తడిగుడ్డ కప్పుకునే పడుకున్నాను. మంట పోవడానికి ఐదు నెలలు పట్టింది. పొక్కులు మానుతూ పాత రంగు బయటపడుతుంటే అద్దం ముందు ఏడ్చాను. జబ్బు తగ్గుతున్నందుకు కాదు, తెలుపు పోతున్నందుకు. అది చెప్పడానికి ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది. అమ్మ వచ్చి, "నీ రంగేనే తల్లీ, నీకు తిరిగొస్తోంది" అని బుగ్గ నిమిరింది. ఆ మాట అమ్మ నోట వినడం అదే మొదటిసారి.

పోయిన ఏడాది తమ్ముడి పెళ్లి ఆల్బమ్ వచ్చింది. ఫొటోగ్రాఫర్ అలవాటు కొద్దీ మా ఆడవాళ్లందరి ముఖాలూ తెల్లగా చేశాడు. వెనక్కి పంపాను. రెండోసారి వచ్చిన ఆల్బమ్‌లో నా ముఖం, నా చేతులు ఒకే రంగులో ఉన్నాయి.