మెలి తిరిగిన కాడ

ఆర్కిడ్ అనగానే చాలామందికి చెట్టు కొమ్మను పట్టుకుని, వేళ్లు గాలిలోకి వదిలేసి బతికే బదనికలే గుర్తొస్తాయి. నాకు మాత్రం నేలలో పుట్టి నేలలోనే దాక్కునే ఓ చిన్న మొక్క గుర్తొస్తుంది. దాని పేరు హాబెనేరియా ప్లాంటజీనియా. వానలు బాగా పట్టాక కొండ వాలు మీద, పలచటి నీడలో బయటికొస్తుంది. పన్నెండేళ్లుగా ఒకే వాలుకు వెళ్లి వీటిని చూస్తున్నాను. ఇంకా విసుగు రాలేదు.

పువ్వు లేనప్పుడు దీన్ని గమనించకుండా దాటి వెళ్లిపోతాం. నాలుగైదు ఆకులు నేలను అంటిపెట్టుకుని, అరచేతి వేళ్లు చాపినట్టు చుట్టూ పరుచుకుంటాయి. వాటిలో ఈనెలు గడ్డిలో లాగే ఒకదాని పక్కన ఒకటి సాగుతాయి. తర్వాత ఆ ఆకుల నడుమ నుంచి ఒకే ఒక్క కాడ పైకి లేస్తుంది, జానెడో అంతకు కాస్త ఎక్కువో. దాని చివర తెల్లటి పూల కంకి ఉంటుంది.

ఓసారి మా అబ్బాయిని వెంట తీసుకెళ్లాను. భూతద్దం వాడి చేతికిచ్చి, పూరేకులు చూస్తాడులే అనుకున్నాను. వాడు పువ్వు వెనక్కి వెళ్లాడు.

"అమ్మా, ఈ కాడ తాడు పేనినట్టు మెలి తిరిగుందేంటి?"

అన్నేళ్లు చూస్తూ కూడా నేను ఆ మెలి మీద కన్ను నిలపలేదు. వాడు కాడ అన్నది నిజానికి అండాశయం. ఈ పువ్వులో అండాశయం రేకుల కింద ఉండి, చూడటానికి తొడిమలాగే కనిపిస్తుంది. దాని మీద గట్లు నిలువుగా ఉండాల్సింది, ఏటవాలుగా చుట్టుకుని ఉన్నాయి. మొగ్గగా ఉన్నప్పుడు ఆర్కిడ్ పువ్వులో పెదవి రేక పైవైపు ఉంటుంది. విచ్చుకునేలోపు అండాశయం సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు తిరిగి ఆ రేకను కిందికి తెస్తుంది. వచ్చే పురుగుకు అది వాకిలి అవుతుంది. ఆ రోజు అదే కంకిలో పైనున్న మొగ్గల నుంచి కిందనున్న పూల దాకా ఒక్కోటీ చూసుకుంటూ వచ్చాం. పైన గట్లు ఇంకా దాదాపు నిటారుగా ఉన్నాయి. కిందికొచ్చే కొద్దీ మెలి బిగిసింది. ఒకే కాడ మీద ఆ తిరుగుడు మొత్తం కళ్ల ముందే కనిపించింది.

ఇక పువ్వు ముందువైపు. పైనున్న రక్షకపత్రం, దానికి రెండు పక్కలా ఉన్న రేకులు కలిసి చిన్న గొడుగులా ముడుచుకుంటాయి. పెదవి మూడు పాయలు. పక్క పాయలు విసనకర్రలా విచ్చుకుంటే, నడిమిది సన్నటి పట్టీలా ఉంటుంది. లాటిన్‌లో హాబెనా అంటే పట్టీ, కళ్లెం వారు. పెదవి మొదట్లో నుంచి వెనక్కి సన్నటి గొట్టం వేలాడుతుంది, అండాశయం కంటే పొడుగు. ఎండకు అడ్డుపెట్టి చూస్తే అడుగున తేనె నిలిచిన గీత కనిపిస్తుంది. అంత లోతుకు నాలుక చాపగలిగేవి చిమ్మటలు. అందుకే ఇది తెలుపు, అందుకే పొద్దుగూకాక దీని వాసన గుప్పుమంటుంది.

గొట్టం నోటి దగ్గర పువ్వు గుండె ఉంది. కేసరం, కీలం విడివిడిగా ఉండవు, కలిసిపోయి ఒక్క స్తంభం అవుతాయి. పుప్పొడి కూడా పొడిగా రాలదు. రెండు ముద్దలుగా ఉంటుంది, ఒక్కో ముద్దకు సన్నటి కాడ, కాడ చివర బంక. మొనదేలిన పెన్సిల్‌ను మెల్లగా గొట్టం నోట్లోకి పెట్టి తీశాను. పసుపు రంగు గద లాంటిది మొనకు అంటుకుని వచ్చింది. డార్విన్ తన దేశపు నేల ఆర్కిడ్ మీద ఇదే పని చేసి, అంటుకున్న ముద్ద అర నిమిషంలో ముందుకు వంగడం చూశానని 1862లో రాశాడు. వంగితేనే తర్వాతి పువ్వులో పుప్పొడిని అందుకునే కీలాగ్రానికి సరిగ్గా తగులుతుంది. హాబెనేరియాలో ఆ కీలాగ్రాలు రెండు చిన్న కాడల మీద ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. భూతద్దంలో తేమగా మెరుస్తాయి. నాకు ఈ పువ్వులో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

డిగ్రీ చదివే రోజుల్లో ఒక మొక్కను తవ్వి తెచ్చి కుండీలో పెట్టాను. తవ్వినప్పుడు రెండు దుంపలు కనిపించాయి. ఒకటి వడలి మెత్తబడినది, ఇంకొకటి తెల్లగా గట్టిగా ఉన్నది. పాతది పువ్వు కోసం కరిగిపోతుంటే, కొత్తది వచ్చే ఏటి కోసం తయారవుతోంది. ఈ జంట దుంపల వల్లే ఆర్కిడ్ల కుటుంబానికి గ్రీకులో వృషణం అనే అర్థమున్న ఆర్కిస్ నుంచి పేరు వచ్చింది. నేను తెచ్చిన మొక్క మరుసటి ఏడు రెండు చిన్న ఆకులేసింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. వేళ్లు తెంపి, దాని మట్టి నుంచి దాన్ని విడదీసింది నేనే. ఇప్పటికీ బాధ తగ్గలేదు.

ఆ మట్టి ఎంత ముఖ్యమో విత్తనాన్ని చూస్తే తెలుస్తుంది. కాయ పగిలితే రాలేది ధూళి. డార్విన్ ఒక నేల ఆర్కిడ్ కాయలో సుమారు 6,200 విత్తనాలు లెక్కేశాడు. కానీ ఒక్కదానిలోనూ మొలకకు దాచిపెట్టిన ఆహారం ఉండదు. అడవిలో అది మొలకెత్తాలంటే మట్టిలోని శిలీంధ్రం దానిలోకి చొరబడి తిండి అందించాలి. 1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టిన సంగతి ఇది. అందుకే ఎవరైనా "ఒక దుంప తెచ్చిపెట్టవూ" అని అడిగితే గట్టిగానే కాదంటున్నాను.

పోయినేడు ఆ వాలు మీద పదకొండు మొక్కలు లెక్కపెట్టాను. ఈ ఏడు తొమ్మిదే కనిపించాయి. వాటిలో రెండు ఆకులతోనే ఆగిపోయాయి. నేల ఆర్కిడ్లలో కొన్ని ఒక ఏడాది పైకి రాకుండా దుంపగానే ఉండిపోవడం ఉంది. కనిపించని ఆ రెండు మొక్కల చోట చిన్న రాళ్లు పెట్టి వచ్చాను. మళ్లీ వానలు పట్టగానే ముందు ఆ రాళ్ల దగ్గరికే వెళ్తాను.