ఒడిశాలోని పర్లాకిమిడిలో నా జువాలజీ ప్రాక్టికల్

నిన్ననే అయింది. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి.

రికార్డు సంతకాలు, హాల్‌టికెట్టు సాఫీగానే గడిచాయి. చీటీలో నాకు చేప వచ్చింది. నీళ్ళ ఉష్ణోగ్రత మారితే మొప్పల మూత నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతుందో లెక్కపెట్టాలి. బీకరులో జిలేబి చేప పిల్ల. 28 డిగ్రీల దగ్గర 96. ఐసు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ 18కి దించి, పది నిమిషాలు ఆగి చూస్తే 44. పది డిగ్రీల తేడాకు ఎన్ని రెట్లు మారిందో అదే క్యూ-టెన్. మామూలుగా రెండు, మూడు మధ్య ఉంటుంది, నాది 2.18. పక్క బల్లవాడు ఐసంతా ఒకేసారి కుమ్మరించాడు, వాడి చేప పక్కకి ఒరిగిపోయింది. ఐసు విషయంలో తొందరపడకండి.

తర్వాత వైవా, అంటే నోటి పరీక్ష. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు ఒడియాలో అడిగారు: చేప బదులు ఎలుకను 28 నుంచి 18కి తెస్తే దాని ఆక్సిజన్ వాడకం ఏమవుతుంది? "అదీ సగానికి పడిపోతుంది సార్" అనేశాను. ఆయన నావైపు చూడనైనా లేదు. బీకర్లు కడుగుతున్న అటెండరుని పిలిచారు.

"చలేస్తే ఏం చేస్తావు?"

"వణుకుతాను సార్. ఇంకో ముద్ద ఎక్కువ తింటాను."

"ఇతనికి తెలిసింది, నీకు తెలీలేదు."

వరసలో నిలబడ్డ అమ్మాయిలు కిసుక్కుమన్నారు.

నిజమే. చేప ఒంటి వేడి నీళ్ళ వేడి ఎంతుంటే అంతే, చల్లబడితే లోపలి పనులన్నీ నెమ్మదిస్తాయి. ఎలుక ఒళ్ళు మాత్రం 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. చుట్టూ 30 దాకా ఉంటే దానికి హాయి, అంతకన్నా చల్లబడేకొద్దీ తిండిని ఎక్కువ మండించుకోవాలి, అంటే ఆక్సిజన్ వాడకం తగ్గదు, పెరుగుతుంది. నేను కొన్న గైడులో "ఉష్ణోగ్రత పెరిగితే జీవక్రియ పెరుగును" అని ఒక్క ముక్కే ఉంది, ఏ జంతువుకో రాయలేదు. ఆ గైడు కొనకండి. వేసవిలో చెరువు చేపలు పైకొచ్చి ఎందుకు నోళ్ళు తెరుస్తాయో అడిగి ఉంటే చెప్పేవాణ్ణి: వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. అది అడగరు!

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. పాలు పితుకుతూనే అంది: "పుష్యమాసంలో గేదె రెండు మోపుల గడ్డి లాగిస్తుంది కదరా, వేసేది నువ్వేగా?"