బెజవాడ ఎండలో వివాల్డి వేసవి

హైదరాబాద్ నుంచి బెజవాడకు 270 కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారుజామున 5 గంటలకే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే మా బృందం మినీబస్సు బయల్దేరింది. 13 మంది మనుషులు, ఒక కీబోర్డు, 12 తంతి వాద్యాలు: 7 వయొలిన్లు, 2 వయోలాలు, 2 చెల్లోలు, ఒక డబుల్ బేస్. పూర్తి సింఫనీ ఆర్కెస్ట్రాకు 80 మందైనా కావాలి. అంతమందితో ఊళ్లు తిరగడం మాకు సాధ్యం కాదు. మొజార్ట్ తంతివాద్యాల సెరినేడుకూ (తేలికపాటి వినోద సంగీతం), వివాల్డి కాన్సర్టోకూ (ఒక వాద్యం ముందుండి, మిగతావి తోడుగా వాయించే రచన) ఈ పన్నెండు మంది చాలు, సంగీతంలో ఒక్క స్వరం కూడా కోయక్కర్లేదు.

డబుల్ బేస్ నిలబెడితే ఆరడుగులు. దానికోసం వెనక వరసలో రెండు సీట్లు తీయించాం. వాద్యాల్ని డిక్కీలోనో టాపు మీదో ఎక్కించకూడదు. ఏప్రిల్ నెలాఖరు ఎండకు జిగురు మెత్తబడి పలక అతుకులు విడిపోతాయి. తంతుల్ని అర స్వరం దించితే చాలు. భయపడి నాలుగూ పూర్తిగా వదిలేస్తే లోపలి సౌండ్ పోస్ట్ పడిపోతుంది. అది పెన్సిల్ కంటే కాస్త సన్నని చెక్కపుల్ల. దానికి జిగురుండదు, పైపలకకూ కిందిపలకకూ మధ్య కేవలం ఒత్తిడి మీద నిలబడుతుంది. ఫ్రెంచివాళ్లు దాన్ని వయొలిన్ ఆత్మ అంటారు. సూర్యాపేట దాటాక ఒక పెట్టెలోంచి గలగలమని చప్పుడు వచ్చింది. ఎవరో తంతులన్నీ వదిలేశారు. కోదాడలో టీకి ఆగినచోట వంకర ఇనపపుల్లతో ఎఫ్ ఆకారపు కంతలోంచి దాన్ని మళ్లీ నిలబెట్టడానికి 40 నిమిషాలు పట్టింది. పుల్ల ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా నాదం మారిపోతుంది.

బెజవాడలో దిగగానే ఉక్క. కృష్ణ ఒడ్డు గాలికి చెక్క ఉబ్బి, తంతులు బిగించే బిరడాలు బిగుసుకుంటాయి. ఏసీ హాల్లోకి వెళ్లిన గంటకు అవే బిరడాలు వదులై జారిపోతాయి. అందుకే కచేరీకి మూడు గంటల ముందే వాద్యాల్ని హాల్లోకి చేర్చి, పెట్టెలు మూసే ఉంచి, అర గంట తర్వాత తెరిచాం. జారే బిరడాకు కాస్త సుద్దముక్క రుద్దితే నిలుస్తుంది.

ఈ ఊరి చెవికి శాస్త్రీయ సంగీతం కొత్త కాదు. బాలమురళీకృష్ణగారు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల ఇక్కడే ఉంది. రేడియోలో భక్తిరంజనితో తెల్లవారిన ఇళ్లు ఇవి. వయొలిన్ కూడా మనదే అయిపోయి రెండు వందల ఏళ్లయింది. ఇక్కడివాళ్లకు కొత్తగా అనిపించేదల్లా ఒకేసారి నాలుగైదు వేర్వేరు స్వరాలు కలిసి వినిపించడం. ఆ ఒక్క తలుపు తీయడానికే మా కార్యక్రమం.

హాలు ఏర్పాటు చేసిన పెద్దాయన ఆప్యాయంగానే అన్నారు: "ముందు రెండు సినిమా పాటలు వాయించండి బాబూ, జనం కూర్చుంటారు." కూర్చుంటారు, నిజమే. కానీ మూడో సినిమా పాట కోసం కూర్చుంటారు. ఎర వేసి పిలిచినవాళ్లు ఎర కోసమే చూస్తారని చాలా ఊళ్లలో గమనించాం. సంగీతాన్ని అలాగే ఉంచి, దాని చుట్టూ ఉన్న మిగతావన్నీ మార్చడమే మాకు సరైన దారిగా తోస్తుంది. లండన్‌లో 1895లో, ఇప్పుడు ప్రామ్స్ అని పిలిచే ప్రామెనేడ్ కచేరీలు మొదలైనప్పుడు చేసిందీ ఇదే: నిలబడి వినే చోటు, ఒక్క షిల్లింగు టికెట్. నిలబడి చవకగా వినే ఆ పద్ధతి ఈరోజుకీ నడుస్తోంది. మనకు నిలబడే అలవాటు లేదు, జంపఖానా ఉంది. వేదిక ముందు మూడు వరసల కుర్చీలు తీయించి జంపఖానాలు పరిచాం. పిల్లలకూ, వాళ్లను తెచ్చినవాళ్లకూ టికెట్ లేదు. చెల్లో కమాను పది అడుగుల దూరంలో కదులుతుంటే పిల్లాడు ఫోను అడగడు.

మైకు దగ్గర గట్టిగా పట్టుబట్టాలి. 350 సీట్ల హాలుకు 12 తంతివాద్యాలు మైకు లేకుండానే చాలు, అయితే ఫ్యాన్లు ఆపాలి. ఆపకపోతే స్వరాల కాగితాలు కూడా ఎగురుతాయి. స్టాండుకు రెండేసి బట్టల క్లిప్పులు తప్పవు. ఆ రోజు ఏసీ సగమే పనిచేసింది, ఫ్యాన్లు ఆపలేకపోయాం. అందుకని రెండే మైకులు, వాద్యాలకు ఎదురుగా పదడుగుల ఎత్తున. సౌండ్ అబ్బాయి అలవాటుగా ఎకో కలిపాడు. ఒక్కో స్వరం తోక పక్క స్వరం మీద పడి అంతా ముద్దయింది. ఎకో సున్నా చేసి, బేస్ తగ్గించి, అతన్నే ఆరో వరసలో కూర్చోబెట్టి వినిపించాం. ఆ తర్వాత అతను మీట ముట్టలేదు.

మొజార్ట్ 1787లో రాసిన సెరినేడు నాలుగు భాగాలూ వాయించాం. మొదటి భాగం కాగానే చప్పట్లు పడ్డాయి. వద్దని సైగ చేయడం పెద్ద తప్పు. 1778లో పారిస్‌లో తన సింఫనీ మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని మొజార్ట్ సంతోషంగా తండ్రికి ఉత్తరం రాశాడు. భాగాల మధ్య మౌనం తర్వాతి కాలంలో వచ్చిన మర్యాద.

తర్వాత అసలు మలుపు. సంగీతం నేర్చుకుంటున్న ఆరుగురు అమ్మాయిలు "శ్యామలే మీనాక్షి" పాడారు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సాహిత్యం కూర్చిన నొట్టుస్వరాల్లో ఇదొకటి, శంకరాభరణం. మన పిల్లలు "ట్వింకిల్ ట్వింకిల్" అని పాడే ఇదే బాణీ మీద మొజార్ట్ 12 వేరియేషన్లు, అంటే ఒకే బాణీకి రకరకాల రూపాలు, రాశాడు. వాళ్ల చివరి స్వరం ఆగగానే కీబోర్డు మీద ఆ బాణీ మొదలైంది. హాల్లో కలకలం. ముందే ఒక మాట చెప్పి ఉంచాం: "తాళం వేస్తూ వినండి." ఎనిమిదో వేరియేషన్‌లో గాంధారం దిగి రంగు మారితే ముందు వరసలో ఒకావిడ "కీరవాణి ఛాయ" అంది పక్కావిడతో. పదకొండోది నెమ్మదిస్తుంది. పన్నెండోదానికి నడక మూడు దెబ్బలకు మారుతుంది. అక్కడ తొడల మీద తాళం వేస్తున్న చేతులన్నీ ఒక్కసారి తప్పాయి, నవ్వులు, మళ్లీ మూడింటికి సర్దుకున్నాయి. ఎంత వ్యాఖ్యానం చెప్పినా రాని అవగాహన ఆ తప్పటడుగులో వచ్చింది. దీక్షితులూ బీథోవెన్ ఒకే కాలంవాళ్లని, శ్యామశాస్త్రి, బీథోవెన్ 1827లోనే పోయారని చెబితే పెద్దవాళ్లు చాలాసేపు తలలూపారు.

చివర వివాల్డి "వేసవి". 1725లో అచ్చయిన ఈ కాన్సర్టోకు తోడుగా ఒక పద్యం ఉంది: ఎండకు సొమ్మసిల్లిన మనిషి, మంద, కోకిల, గువ్వ, ఈగలు, చివరికి వడగళ్లవాన. బెజవాడవాళ్లకు అనువాదం ఎందుకు? వాయించే ముందు రెండు నిమిషాలే మాట్లాడాం. కోకిల స్వరాలు నెమ్మదిగా, ఈగల కుంటినడక సెకండ్ వయొలిన్ల మీద, ఉరుము చెల్లోల మీద, మూడు గుర్తులు చూపించి ఆపేశాం. అంతకు మించి చెబితే పాఠమైపోతుంది. రెండో భాగంలో ఈగలు రాగానే జంపఖానా మీద ఒక పాప చెయ్యి ఝాడించింది.

మాటలతో కలిపి మొత్తం గంటలోపే, విరామం లేకుండా. ఆ తర్వాత అరగంట పిల్లలకు వాద్యాలిచ్చాం. ఇందుకోసం నాలుగు సగం సైజు వయొలిన్లు వేరే తెచ్చుకోవాలి. ఒకే ఒక్క నియమం: కమాను వెంట్రుకల్ని ముట్టకూడదు, వేళ్ల జిడ్డు అంటితే అక్కడ రోజిన్ (కమానుకు రుద్దే గట్టి బంక) పట్టదు, తంతి పలకదు. స-ప-స-ప శ్రుతికి అలవాటైన ఒక అమ్మాయి మా వయొలిన్ మీటి చూసి, "ఇందులో ప్రతి తంతికీ పక్క తంతి పంచమమా!" అంది. అవును. అందుకే వేళ్ల లెక్కంతా మారుతుంది. కింద కూర్చుని, వయొలిన్ తల పాదం మీద ఆనించుకుని, ఆ శ్రుతిలోనే శ్యామలే మీనాక్షి వెతుక్కుంది. నాలుగోసారికి దొరికింది.

మర్నాడు గాంధీనగర్‌లో వెన్న ఇడ్లీ తిని, తంతులు అర స్వరమే దించి, పెట్టెలు ఎక్కించాం. మళ్లీ డిసెంబర్లో వస్తాం, అప్పుడు ఫ్యాన్లు ఆపొచ్చు. ఆ అమ్మాయికి పన్నెండో వేరియేషన్ స్వరాలు సరిగమల్లో రాసి పంపాలి.