పెన్నేరు గడ్డ, తులసి, మేడ మీది ఎండ

డిసెంబర్ వచ్చిందంటే నాకు ఒక రకం నీరసం పట్టుకుంటుంది. జ్వరం కాదు, ఒళ్లునొప్పులు కావు, ఊరికే దేని మీదా మనసు నిలవదు, ఫోన్ మోగినా ఎత్తబుద్ధి కాదు. హన్మకొండ చలి కూడా ఒక చలేనా అని ఆదిలాబాద్ వాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి. పోయినేడు మా నాయనమ్మ నన్ను చూసి, "ఏంరా, మొఖం గట్ల గుంజుకపోయింది? పెన్నేరు గడ్డ తెచ్చుకో పో" అన్నది. పెన్నేరు గడ్డ అంటే అశ్వగంధ.

వరంగల్‌లో మూలికలు అమ్మే ఒక పాత దుకాణానికి పోయి పావుకిలో తెచ్చాను. చిటికెన వేలంత ఎండు వేళ్లు, విరిస్తే లోపల తెల్లగా పిండిపిండిగా ఉంటాయి. గుర్రం వాసన కాబట్టి ఆ పేరు అంటారు. నేను గుర్రాన్ని అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు గానీ, రోట్లో దంచుతుంటే తడిసిన గోనెసంచి వాసనే వచ్చింది. జల్లించి, పడుకునే ముందు గోరువెచ్చని పాలలో అర చెంచా వేసుకున్నా. బెల్లం వేసినా చేదు నాలుక వెనకే కూర్చుంటుంది. పది రోజులకు నిద్ర కుదిరింది. దీని లాటిన్ పేరులోని 'సోమ్నిఫెరా'కి అర్థం కూడా నిద్ర తెచ్చేదనే. ఒత్తిడికి, నిద్రకు కొంత పనిచేస్తుందని చిన్న చిన్న పరిశోధనలున్నాయి, డిప్రెషన్ తగ్గిస్తుందని తేల్చేంత గట్టి రుజువైతే లేదు.

నాకు బాగుందని మా చిన్నమ్మ కూడా మొదలుపెట్టింది. ఆమె థైరాయిడ్ మాత్రలు వేసుకుంటుంది. వారానికే గుండె దడ. ఇది థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదని, కొందరికి కాలేయం కూడా దెబ్బతిన్నదని డాక్టర్ చెప్పి ఆపించారు. దుకాణంలో ఒక్కరూ అడగలేదు, ఏం మందులు వాడుతున్నారని. 2023లో డెన్మార్క్ దీన్ని నిషేధించిందని చదివాక నాకూ కాస్త బుగులు పుట్టింది.

లండన్‌లో ఉన్న మా బావ అయితే సెయింట్ జాన్స్ వర్ట్ పంపిస్తానన్నాడు. తేలికపాటి డిప్రెషన్‌కు అక్కడ పేరున్న మూలికే, కానీ డిప్రెషన్ మాత్రలతో కలిపితే ప్రమాదం, గర్భనిరోధక మాత్రల పనినీ చెడగొడుతుంది. వద్దన్నాను. మాటల్లోనే చెప్పాడు, డిసెంబర్‌లో వాళ్లకు పగలు 8 గంటలు కూడా ఉండదట. మనకు 11 గంటలు! నైట్ షిఫ్ట్ చేసి మధ్యాహ్నం లేచే నాకు అందులో ఎంత దక్కుతోందో లెక్కేసుకుంటే సిగ్గేసింది.

అప్పటి నుంచి షిఫ్ట్ దిగంగానే పడుకోకుండా ఏడున్నరకు మేడెక్కుతున్నా. నాయనమ్మ తులసి, అల్లం, నాలుగు మిరియాలు కలిపి కాచిన నీళ్లు స్టీలు గ్లాసులో ఇస్తుంది, ఆ వేడి గ్లాసు రెండు చేతులతో పట్టుకొని ఎండలో అరగంట కూర్చుంటాం, ఆమె పక్కింటి ముచ్చట్లన్నీ చెబుతుంది. తులసి వల్లనా, ఎండ వల్లనా, ముచ్చట్ల వల్లనా అని నన్నడిగితే చెప్పలేను. రెండు వారాలైనా దిగులు వదలకపోతే, చచ్చిపోవాలనే ఆలోచన వస్తే అంతకన్నా ముందే, కషాయం పక్కనపెట్టి డాక్టర్‌ను కలవండి, లేదా సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ చలికాలం గడ్డపొడి డబ్బాలో సగం అట్లాగే ఉంది. తులసి మొక్కకు మాత్రం చిగుళ్లు మిగల్లేదు, నాయనమ్మ నన్నే తిడుతోంది.