హోప్ స్ట్రీట్‌లో పీట్ కోసం

మాంచెస్టర్‌లో ఎక్కిన రైలు వారింగ్టన్‌లో చాలాసేపు ఆగిపోయింది. అందరూ విసుక్కుంటున్నారు కానీ నాకు బాగానే ఉంది. పీట్ పోసల్‌త్వెయిట్ 1946లో పుట్టిన ఊరు అదే. నేను లివర్‌పూల్ వెళ్తున్నదీ ఆయన నాటకాలాడిన చోటు చూడ్డానికే.

పేరు చెబితే గుర్తురాకపోవచ్చు. 'ఇన్సెప్షన్'లో మంచం పట్టిన కోటీశ్వరుడు, 'లాస్ట్ వరల్డ్'లో డైనోసార్ కోసం వచ్చిన వేటగాడు అంటే, "ఓ, ఆయనా!" అంటారు. దవడ ఎముకలు పొడుచుకొచ్చిన ఆ ముఖాన్ని మర్చిపోలేం. మన మాటల్లో అచ్చమైన క్యారెక్టర్ ఆర్టిస్ట్. ఇంత పొడుగు పేరుని థియేటర్ ముందు లైట్లతో రాస్తే కరెంటు బిల్లు కట్టలేరని తోటివాళ్ళు ఏడిపించేవారట. అయినా మార్చుకోలేదు. మనమైతే ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించి పని కానిచ్చేవాళ్ళం.

ప్రపంచంలోకెల్లా మంచి నటుడని స్పీల్‌బర్గ్ ఆయన్ని మెచ్చుకుంటే, "నా గురించి నేనే అలా అనుకుంటానని ఆయన అని ఉంటాడు" అని పీట్ నవ్వేశాడు. 'ఇన్ ది నేమ్ ఆఫ్ ది ఫాదర్'లో చేయని నేరానికి కొడుకుతో పాటు జైలుపాలైన తండ్రి పాత్రకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. నాకు మాత్రం 'బ్రాస్డ్ ఆఫ్' ఎక్కువిష్టం. ఊళ్ళో బొగ్గు గని మూతపడుతుంటే, ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో బ్యాండ్ నడిపే ముసలాయన. చివర్లో ఆయన మాట్లాడేది ఎన్నిసార్లు చూసినా గొంతు పట్టేస్తుంది.

లైమ్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ఎత్తు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. కాంక్రీటు కిరీటంలాంటి కెథీడ్రల్‌కి దగ్గర్లోనే, హోప్ స్ట్రీట్‌లో ఎవ్రీమన్ థియేటర్. 1964లో ఒక పాత ప్రార్థనా మందిరంలో మొదలైంది. 70ల్లో ఇక్కడి బృందంలో పీట్‌తో పాటు జూలీ వాల్టర్స్, బిల్ నై, జొనాథన్ ప్రైస్ ఉండేవారు. అప్పటికి వాళ్ళెవరో బయట ఎవరికీ తెలీదు. అంత పేరొచ్చాక కూడా 2008లో 'కింగ్ లియర్' ఆడటానికి పీట్ ఇక్కడికే తిరిగొచ్చాడు.

ఆ స్టేజీ ఇప్పుడు లేదు. ఆయన 2011 జనవరిలో పోయాడు, అదే ఏడాది పాత థియేటర్ కూడా మూతపడింది. 2014లో తెరిచిన కొత్త భవనమిది. కాకపోతే పాత ఇటుకల్లో 25 వేల దాకా మళ్ళీ వాడారు. సాయంత్రం ఆటకి టికెట్ కొని, గోడ పక్క సీట్లో కూర్చుని ఒక ఇటుక మీద చెయ్యి వేశాను. పక్కావిడ వింతగా చూసింది. లివర్‌పూల్ యాసలో నాటకం నాకు సగమే అర్థమైంది.

భవనం ముందు నిలువెత్తు లోహపు రేకుల మీద 105 మంది బొమ్మలున్నాయి. పీట్ ఉంటాడని వరసగా వెతికాను. లోపల అడిగితే, అవన్నీ ఊళ్ళోని మామూలు మనుషులవే అన్నారు.

తిరిగొస్తుంటే పైన ఎర్రగా 'ఎవ్రీమన్' అని వెలుగుతోంది. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు. పోసల్‌త్వెయిట్‌కి 13.