నెట్ లైఫ్ సైన్సెస్: లామ్డా ఫేజ్‌ని బట్టీ పట్టకండి

సీఎస్‌ఐఆర్ నెట్ రాస్తున్న మన తెలుగు మిత్రులకి నమస్తే. నేను బెంగళూరులో మత్తికెరె దగ్గర పీజీలో ఉంటూ ప్రిపేర్ అయ్యాను. గదిలో గోల ఎక్కువైతే కబ్బన్ పార్క్‌లోని సెంట్రల్ లైబ్రరీకి వెళ్లిపోయేదాన్ని. షెడ్యూళ్ల గురించి అందరూ చెప్తారు, నేను ఒక్క టాపిక్ గురించే చెప్తాను.

పార్ట్ సీలో 75 ప్రశ్నలకి 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు. అందుకే జీన్ రెగ్యులేషన్‌ని (జీన్లు ఎప్పుడు పనిచేయాలి, ఎప్పుడు ఆగాలి అన్న టాపిక్) వదలొద్దు, ముఖ్యంగా లామ్డాని, అంటే బ్యాక్టీరియాకి సోకే ఒక వైరస్‌ని.

తెల్లకాగితం మీద ఎడమ నుంచి ఓఆర్3, ఓఆర్2, ఓఆర్1 గీయండి, ఇవి వైరస్ డీఎన్ఏ మీద ప్రొటీన్లు కూర్చునే మూడు సైట్లు. ఎడమ పక్క పీఆర్ఎం, కుడి పక్క పీఆర్ ప్రమోటర్ (ప్రమోటర్ అంటే జీన్ చదవడం మొదలయ్యే చోటు). పీఆర్ఎం నుంచి సీఐ అనే ప్రొటీన్, పీఆర్ నుంచి క్రో అనే ప్రొటీన్ తయారవుతాయి. సీఐ రిప్రెసర్‌కి (జీన్‌ని ఆపే ప్రొటీన్) ఓఆర్1 అంటే అఫినిటీ, అంటే పట్టు, ఎక్కువ. ఓఆర్2తో దాని పట్టు నిజానికి బలహీనమే, కానీ ఓఆర్1 మీదున్న సీఐ డైమర్ (రెండు సీఐల జత) పక్కదానికి ఊతమిస్తుంది కాబట్టి రెండూ దాదాపు కలిసే నిండుతాయి. దాంతో క్రో ఆగిపోతుంది, సీఐ తన తయారీని తానే పెంచుకుంటుంది. మోతాదు బాగా పెరిగాకే ఓఆర్3 మీద కూర్చుని ఆ తయారీకి బ్రేక్ వేస్తుంది. క్రోది దీనికి రివర్స్: ముందు ఓఆర్3నే పట్టుకుని సీఐని ఆపేస్తుంది. అవే మూడు సైట్లు, అవే రెండు ప్రొటీన్లు. వైరస్ బ్యాక్టీరియాలో దాక్కోవాలా, చంపి బయటికి రావాలా అన్నదాంట్లో పట్టు బలంలో ఈ తేడాకి పెద్ద పాత్ర ఉంది. ఎంత అందమైన ఏర్పాటో చూడండి!

ఇప్పుడు లెక్క. కేడీ అంటే సైట్ సగం నిండటానికి కావాల్సిన ఫ్రీ ప్రొటీన్ మోతాదు, అది తగ్గితే పట్టు గట్టిది. ఆక్యుపెన్సీ (సైట్ ఎంత భాగం నిండిందో) అంటే ఫ్రీ ప్రొటీన్ మోతాదుని, ఆ మోతాదు ప్లస్ కేడీతో భాగించడమే. ప్రాక్టీస్‌కి ఒక సైట్ కేడీ 10 నానోమోలార్, ఇంకోదానిది 100 అనుకోండి. ప్రొటీన్ 10 ఉంటే మొదటిది సగం నిండుతుంది, రెండోది 9 శాతమే. ప్రొటీన్ 90 అయితే మొదటిది 90 శాతం, రెండోది 47. ఈ రెండు లైన్లు చేతికి అలవాటైతే గ్రాఫ్ ప్రశ్నలకి టెన్షన్ ఉండదు.

ఫుట్‌ప్రింటింగ్ (ప్రొటీన్ డీఎన్ఏ మీద ఎక్కడ కూర్చుందో చూపే పరీక్ష) జెల్ బొమ్మ ఇస్తే, తక్కువ ప్రొటీన్‌కే బ్యాండ్లు మాయమైన చోటే గట్టి సైట్. ఓఆర్1లో మ్యుటేషన్ అంటే ఓఆర్2 కూడా ఊతం పోగొట్టుకుంటుందని గుర్తుంచుకోండి, ఆప్షన్లలో మెలిక పెట్టడానికి అనువైన చోటు అదే. యూవీ ఇస్తే రెక్‌ఏ అనే బ్యాక్టీరియా ప్రొటీన్ వల్ల సీఐ రెండు ముక్కలై డైమర్లు నిలబడవు, డీఎన్ఏ మీద పట్టు జారిపోతుంది. ఇది వచ్చాక ల్యాక్ రిప్రెసర్‌కి (ల్యాక్టోజ్ జీన్లని ఆపే ప్రొటీన్) వెళ్లండి, అక్కడా ఇదే లెక్క పనికొస్తుంది.